కంట్రోల్ రూములో అంకెకు పూచీ ఎవరు?

కిరాణా కొట్టులో తూకం రాయికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో మన పెద్దలు తిప్పి చూసేవారు. ముద్ర ఉన్న రాయి వేసి చూస్తేనే తక్కెడ నిజం బయటపడుతుంది. కరెంటు సబ్‌స్టేషన్లలోనూ అలాంటి తక్కెడలు ఉన్నాయి. వాటి పేరు ట్రాన్స్‌డ్యూసర్లు. వాటిని సరిచూడటాన్ని కాలిబ్రేషన్ అంటారు. తెలుగు మాధ్యమంలో చదివితే సాంకేతిక ఉద్యోగాలకు పనికిరారేమోనని భయపడే తల్లిదండ్రుల కోసం ఈ వారం ఆ పనిని మేము పరిచయం చేస్తున్నాం.

లైనులో పారే వందల ఆంపియర్లను మీటరుకు నేరుగా ఇవ్వలేం. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే సి.టి., దాన్ని 1 లేదా 5 ఆంపియర్లకు తగ్గిస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ దాన్ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సంకేతంగా మార్చి కంట్రోల్ రూముకు పంపుతుంది. సున్నాతో మొదలుపెట్టకపోవడానికి కారణం ఉంది. లైనులో కరెంటు లేకపోతే 4 వస్తుంది, సంకేతం తీగ తెగితే 0 వస్తుంది. కరెంటు లేకపోవడానికీ, కబురే రాకపోవడానికీ తేడా అలా తెలుస్తుంది.

ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి చూడండి. 0–400 ఆంపియర్ల ట్రాన్స్‌డ్యూసర్‌కు 200 ఆంపియర్లకు సమానమైన కరెంటు ఇస్తే ఎంత రావాలి? వ్యాప్తి 16, అందులో సగం 8, దానికి 4 కలిపితే 12. కానీ 12.16 వచ్చింది. తేడా 0.16, అంటే వ్యాప్తిలో 1 శాతం. పరికరం 0.5 తరగతిది అయితే 0.08 వరకే ఒప్పుకుంటారు. కాబట్టి ఇది తప్పింది. కంట్రోల్ రూములో 200కు బదులు 204 కనిపిస్తోంది. వేడికీ వయసుకూ ఈ తేడా పెరగవచ్చు. అంకె తక్కువగా చూపితే లైను మీద మోయలేని భారం పడుతుంది. ఎక్కువగా చూపితే అవసరం లేకుండానే ఊళ్లకు కరెంటు తీసేస్తారు.

పరీక్ష సాధారణంగా 0, 25, 50, 75, 100 శాతాల దగ్గర చేస్తారు. సరిచేయకముందు వచ్చిన అంకెలను ముందు రాసుకోవాలి. సరిచేశాక వచ్చినవే రాస్తే, పరికరం అంతకుముందు ఎంత తప్పు చూపిందో ఎవరికీ తెలియదు. కొట్టివేతలు కనబడకూడదని పిల్లలకు చెప్పే మనమూ దీని గురించి ఆలోచించాలి.

ఈ పనిలో ప్రాణాపాయం కూడా ఉంది. లైను నడుస్తుండగా సి.టి. రెండో వైపు తీగ విప్పితే అక్కడ ప్రాణం తీసేంత వోల్టేజి పుడుతుంది. అందుకే ముందు ఆ రెండు కొసలనూ కలిపి షార్ట్ చేస్తారు. శిక్షణ లేనివారు అటువైపు పోకూడదు. బడిలో లెక్క వరకే.

సరిచూసే మీటరునూ మరొకటి సరిచూడాలి. ఆ వరస మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెళుతుంది. బెంగళూరులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థలో ఇలాంటి పరీక్షలు జరుగుతాయి. కర్ణాటక ఉపాధ్యాయులు పెద్ద తరగతులకు చూపించడానికి అనుమతి అడిగి చూడవచ్చు.

అనుపాతం, శాతం మన పిల్లలు తెలుగులోనే నేర్చుకుంటున్నారు. వ్యాప్తిని స్పాన్ అనీ, దోషాన్ని ఎర్రర్ అనీ అంటారని పక్కనే చెప్పండి. లెక్క వచ్చిన పిల్లవాడికి ఆ రెండు మాటలు అడ్డం కావు.