ఇంటి అరుగు

మనము అరుగనియు, తిన్నె యనియు పిలుచు వీధివేదికనే తమిళులు తిణ్ణై యనియు, కన్నడిగులు జగలి యనియు, ఒడియావారు పిండా యనియు వ్యవహరింతురు. పేర్లు వేరైనను ప్రయోజన మొక్కటే. పూర్వము వీధిబడులు పెక్కు అరుగులమీదనే సాగినవి. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిరి.

నేడు క్రొత్త యిండ్లకు అరుగు లరుదగుచున్నవి. స్థలమున్నచో మానరాదు. ఎత్తు 1½ అడుగు లున్నచో పెద్దల కాళ్లు నేల కానును. వెడల్పు 3 అడుగు లున్నచో పిల్లలు పుస్తకములు ముందుంచుకొని బాసింపట్టు వేసికొని కూర్చుండగలరు. లోపలి మట్టిని తడిపి దిమ్మిసతో గట్టిపరుపవలెను. లేనిచో అరుగు క్రుంగి పగులును. పైని కడప నాపరాళ్లు పరచి, గోడనుండి అంచువరకు ¾ అంగుళము వాలు పెట్టవలెను. వాలు లేనిచో వాననీరు నిలిచి గోడకు చెమ్మ పట్టును. చూరు అంచును దాటి అడుగైనను ముందునకు రావలెను. పసివారికి తగులకుండ రాతియంచులను గుండ్రముగా చెక్కింపవలెను. అరుగు మన హద్దులోనే యుండవలెను; మురుగుకాలువపైకి జరుపరాదు.

బడిలో నేర్చిన తెలుగు నిలుచుటకు ఇంట పలుకువారు కావలెను. సాయంకాలము అవ్వయు మనుమరాలును కూర్చుండి మాటలాడుకొనుటకు ఒక తావు కల్పింపుడు. ఆ ఖర్చు వృథా కాదు.