రెండు కంప్యూటర్లు, రెండు జవాబులు

ఒకే లెక్కకు మీ తరగతిలో ఇద్దరు రెండు జవాబులు తెస్తే ఏమనుకుంటారు? ఎవరో ఒకరు తప్పు చేశారనుకుంటారు. ఆ ఇద్దరూ కంప్యూటర్లయితే? రెండూ చక్కగా పనిచేస్తున్నవే అయితే? జెనీవా నగరం దగ్గర ఉన్న సెర్న్ పరిశోధన కేంద్రానికి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది.

సెర్న్‌లో భూమి అడుగున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగం ఉంది. అందులో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే యంత్రాన్ని నిర్మించారు. దానిలో ప్రోటాన్లు ఇంచుమించు కాంతివేగంతో, సెకనుకు 11 వేల సార్లకు పైగా చుట్టి వస్తాయి. వాటిని దారిలో ఉంచేవి అయస్కాంతాలు. ఎంత జాగ్రత్తగా చేసినా ఏ అయస్కాంతమూ పూర్తిగా లోపం లేకుండా తయారుకాదు. ఆ చిన్న లోపాల వల్ల ప్రోటాన్లు కొంచెం కొంచెంగా పక్కకు జరిగి గొట్టం గోడకు తగలవచ్చు. ఈ అయస్కాంతాలు సున్నాకు దిగువన 271 డిగ్రీల సెల్సియస్ చలిలో పనిచేసేవి. కాస్త వేడి సోకినా వాటి అతివాహకత్వం పోతుంది. కనుక ఎంత లోపాన్ని సహించవచ్చో, యంత్రాన్ని నడపకముందే లెక్కకట్టి తెలుసుకోవాలి.

ఆ లెక్క చేసే ప్రోగ్రాం పేరు సిక్స్‌ట్రాక్. అది 60 ప్రోటాన్లను తీసుకుని, లక్ష చుట్లు తిప్పి, ఏవి నిలిచాయో ఏవి తప్పిపోయాయో చెబుతుంది. అసలు యంత్రంలో లక్ష చుట్లకు 10 సెకన్లు కూడా పట్టవు! కంప్యూటరుకు మాత్రం చాలాసేపు పడుతుంది. పైగా లోపాలను రకరకాలుగా మార్చి వేలసార్లు చేయాలి. అందుకని సెర్న్ తన 50వ ఏట, అంటే 2004లో, సామాన్య ప్రజల సాయం అడిగింది. మీ ఇంటి కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు మా లెక్క చేసిపెట్టమంది. ఈ పథకమే ఎల్.హెచ్.సి. ఎట్ హోమ్.

ఎవరో తెలియని వారి కంప్యూటరు పంపిన జవాబును నమ్మడం ఎలా? ఒకే పనిని కనీసం ఇద్దరికి పంపి, జవాబులు కలిస్తేనే తీసుకోవాలి. మంచి ఏర్పాటే. కాని పరీక్షించి చూస్తే కొన్ని జవాబులు కలవలేదు. ఒక కంప్యూటరులో నిలిచిన ప్రోటాన్ మరొక దానిలో తప్పిపోయింది!

కారణం తెలియాలంటే ఒక కాగితం తీసుకోండి, ఒక స్నేహితుణ్ణి పిలవండి. ఇద్దరూ 0.3తో మొదలుపెట్టండి. ఆ సంఖ్యను 1 నుండి తీసివేయండి. వచ్చినదానిని మొదటి సంఖ్యతో గుణించి, మళ్ళీ 4తో గుణించండి. వచ్చిన జవాబుతో ఇదంతా మళ్ళీ చేయండి. మీరు ప్రతిసారీ 3 దశాంశ స్థానాలకు సవరించండి, స్నేహితుడు 4 స్థానాలకు సవరించాలి. రెండవసారి మీకు 0.538, అతనికి 0.5376 వస్తాయి. తేడా లెక్కలోకి తీసుకోదగినది కాదు కదా! ఐదవసారి 0.094, 0.0887. పదవసారి మీకు 0.278 వస్తే అతనికి 0.0622 వస్తుంది. మీరిద్దరూ ఎక్కడా తప్పు చేయలేదు. అయినా జవాబులకు పొత్తు లేదు.

కంప్యూటర్లు సుమారు 16 అంకెల వరకు ఉంచుకుని మిగిలినది సవరిస్తాయి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలను ఎలా సవరించాలో 1985లో ఒక ప్రమాణం ఏర్పడింది. సంవర్గమానాలు, ఘాతీయ ప్రమేయాల వంటివాటికి మాత్రం అంత కచ్చితమైన నియమం పెట్టలేదు. అందువల్ల ఒక్కొక్క కంప్యూటరులో చివరి అంకె ఒక్కొక్క రకంగా వచ్చేది. లక్ష చుట్లలో ఆ చివరి అంకె ఏం చేయగలదో మీ కాగితమే చెబుతోంది.

కొంచెం తేడా ఉంటే పోనీలే అని సరిపెట్టుకోవచ్చుగా అని మా తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. అలా చేస్తే అసలు ప్రమాదం దాగిపోతుంది. కొందరు సరదాకొద్దీ తమ కంప్యూటరును దాని పరిమితిని మించిన వేగంతో నడుపుతారు. అది వేడెక్కి నిజంగానే తప్పులు చేయవచ్చు. ఆ తప్పును, సవరింపు వల్ల వచ్చిన తేడాను వేరుచేసేదెలా? చెడిన జవాబును నమ్మితే, ఇంజనీర్లు మంచి అయస్కాంతాన్ని కాదనవచ్చు, పనికిరానిదానికి సరే అనవచ్చు.

దీనికి మందు ఫ్రాన్స్‌లో దొరికింది. లియోన్ నగరంలోని ఎకోల్ నార్మాల్ సుపేరియర్ పరిశోధకులు ఈ ప్రమేయాలను ఎప్పుడూ సరైన చివరి అంకె వరకు లెక్కకట్టే ప్రోగ్రాములను తయారుచేశారు. సెర్న్ వాటిని సిక్స్‌ట్రాక్‌లో చేర్చింది. లెక్కలోని మెట్లు అన్ని కంప్యూటర్లలోనూ ఒకే వరుసలో జరిగేలా కూడా చూడవలసి వచ్చింది. కూడికల వరుస మారితే సవరింపూ మారుతుంది మరి. ఆ తరువాత వేర్వేరు కంపెనీల ప్రాసెసర్ల మీద కూడా జవాబులు చివరి అంకెతో సహా కలిశాయి. ఇక తేడా కనిపించిందంటే ఆ కంప్యూటరులోనే ఏదో లోపం ఉన్నట్లు. ఆ పనిని ఇంకొకరికి పంపుతారు. యంత్రంలో మొదటిసారి ప్రోటాన్లు చుట్టూ తిరిగింది 2008 సెప్టెంబరు 10న.

ఇప్పుడు మళ్ళీ మీ కాగితం తీయండి. ఈసారి 0.3కు బదులు 0.75తో మొదలుపెట్టండి. ఎన్నిసార్లు చేసినా మీ ఇద్దరి జవాబులూ కలుస్తూనే ఉంటాయి. ఎందుకో కనుక్కోండి. కొత్త ప్రోగ్రామును పరీక్షించేవారు ఇలాంటి సంఖ్యను ఎందుకు ఎంచుకోరో కూడా చెప్పగలరా?