కనకాంబరానికి చలేస్తుంది!

అమ్మ పోయాక ధర్మవరం ఇల్లు ఖాళీ చేస్తూ, నేను హిందూపురానికి తెచ్చుకున్నది రెండు ఢిల్లీ కనకాంబరం మొక్కలు. మామూలు కనకాంబరం కాయ తడి తగిలితే చిటపట పేలి గింజలు చిమ్ముతుంది. ఈ రకం గింజ కట్టదు. కొమ్మ నాటుకోవాల్సిందే. మొక్క పోయిందంటే ఇక అంతే.

డిసెంబరు రాగానే ఆకులు పండుబారి రాలాయి. బలం చాలదేమోనని యూరియా వేశాను. దాహమేమోనని రాత్రి కూడా నీళ్లు పోశాను. సంక్రాంతికల్లా ఒకటి పోయింది. పక్కన మల్లె కూడా ఎండినట్టుంటే పీకేద్దామని చెయ్యి వేశాను. అప్పుడే పెనుకొండ నుంచి పెద్దమ్మ వచ్చింది.

"ఆగు పాపా! మల్లె సావలేదు, నిద్రపోతాంది. దాన్ని కత్తిరించు. కనకాంబరానికి చలేస్తాంది. దాన్ని కత్తిరించాకు, కప్పు" అంది.

ఒకే జిల్లా, ఒకే చలి అనుకున్నాను. కాదు. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం రైలెక్కితే ఎత్తుకు వస్తున్నట్టే. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తు. ధర్మవరం అంతకంటే బాగా కింద ఉంది. మనకి చలి ఓ దుప్పటి తేడా, 30 డిగ్రీల ఎండని ఇష్టపడే కనకాంబరానికి ప్రాణం మీదకొస్తుంది.

అన్ని పూలకీ ఒకటే వైద్యం పనికిరాదు. రాత్రులు పొడుగైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది కాబట్టి, దానికి చలికాలమే పండగ. మల్లెకి ఇది విశ్రాంతి. నీళ్లు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే, ఎండలు ముదిరేసరికి కొత్త చిగుళ్లతో పూస్తుంది.

కనకాంబరానికి పెద్దమ్మ చెప్పినవి ఇవీ:

కుండీని పగలంతా ఎండ తగిలే గోడ పక్కకి జరపండి. గోడ దాచుకున్న వేడి రాత్రి మొక్కకి అందుతుంది. నీళ్లు ఎండొచ్చాకే, అదీ మొదట్లోనే పోయండి. ఆకులు తడపొద్దు. మొదలు చుట్టూ చెనక్కాయ పొట్టు పరవండి, కాండానికి తగలకుండా. పొద్దుగూకాక నాలుగు పుల్లలు పాతి పాత నూలుచీర కప్పండి, పొద్దున్నే తీసేయండి. ప్లాస్టిక్ కవరు వద్దు. లోపల చెమ్మ పట్టి, ఆకులకి తెగులొస్తుంది. రథసప్తమి దాటేదాకా ఎరువు, కత్తెర రెండూ పక్కన పెట్టండి. ఇప్పుడొచ్చే లేత చిగురు చలికి తట్టుకోలేదు.

మిగిలిన ఒక్క మొక్కా అలాగే బతికింది. తొలకరికి దాని కొమ్మలు రెండు నాటి, వేరు పట్టాక ఒకటి పెనుకొండ పంపాను. ఒకరింట్లో పోయినా ఇంకొకరింట్లో ఉంటుంది కదా!

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటిదాకా రోజూ సాయంత్రం అమ్మ నూలుచీర తీసి మొక్కకి కప్పుతూనే ఉంటాను.