పంది కిడ్నీ, మనిషి రక్తం

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, క్రిస్టియన్స్‌బర్గ్ దగ్గర పందులను పెంచే ఒక భవనం ఉంది. పనివాళ్లు ఒళ్లంతా కడుక్కుని, అక్కడిచ్చిన బట్టలు తొడుక్కుంటేనే లోపలికి రానిస్తారు. గాలిని వడగట్టి పంపుతారు. మేతనూ నీళ్లనూ క్రిములు లేకుండా చేశాకే పెడతారు. ఇలాంటి మందను మొదలుపెట్టేటప్పుడు పంది ఈనేదాకా ఆగరు, కడుపు కోసి పిల్లలను బయటికి తీస్తారు. ఆ పిల్లలకు తల్లి ముట్టె తగలదు, తల్లి పాలు అందవు. మనుషులే పాలు పట్టి పెంచుతారు. ఈ పందుల కిడ్నీలు రేపు మనుషుల కడుపులో పనిచేయాలి కాబట్టే ఇంత కట్టుదిట్టం.

జంతువుల అవయవాలను మనుషులకు అమర్చే ప్రయత్నాల గురించి నాలుగైదేళ్లుగా పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఆ వార్తల్లో ఫొటో పడేది సర్జన్‌ది. అందుకు ఆయన అర్హుడే. కానీ ఈ ప్రయోగాల రికార్డులు చదివేకొద్దీ ఒక సంగతి తేటపడుతుంది. అవయవం నిలుస్తుందా, చెడుతుందా అన్నదాంట్లో సగం సంగతి పంది పుట్టిన రోజుల్లోనే తేలిపోతోంది. పశువైద్యులు, జన్యుశాస్త్రజ్ఞులు, మేత వేసే పనివాళ్లు అక్కడ చేసిన పని మీదే ఆపరేషన్ థియేటర్‌లో జరిగేదంతా ఆధారపడి ఉంది.

ఈ ఆశ పాతదే. 1963-64లో టులేన్ విశ్వవిద్యాలయంలో కీత్ రీమ్స్‌మా చింపాంజీ కిడ్నీలను 13 మందికి అమర్చారు. చాలామంది కొద్ది వారాల్లోనే చనిపోయారు. ఒక ఉపాధ్యాయురాలు మాత్రం తొమ్మిది నెలలు బతికింది, ఉద్యోగానికి కూడా వెళ్లింది. 1984లో కాలిఫోర్నియాలో లెనార్డ్ బెయిలీ ఒక పసిబిడ్డకు బబూన్ కోతి గుండె పెట్టారు. ఆ బిడ్డ మూడు వారాలే ఉంది. మన దేశంలో 1997 జనవరిలో, గువాహటి దగ్గర ధనీరామ్ బారువా ఒక రోగికి పంది గుండె అమర్చారు. రోగి దక్కలేదు. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం కింద ఆయన్ని అరెస్టు చేశారు. అప్పటికి పంది అవయవాన్ని మనిషి రక్తం ఎందుకు ఒప్పుకోదో చాలావరకు తెలుసు. ఒప్పించే సాధనం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

ఒప్పుకోకపోవడానికి మొదటి కారణం ఒక చక్కెర. పంది కణాల పైపొర మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర అణువు ఉంటుంది. ఆవులో, గొర్రెలో, కుక్కలో కూడా ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు మన పూర్వీకుల్లో రెండు మూడు కోట్ల సంవత్సరాల కిందటే చెడిపోయింది. అందుకే మనకూ, చింపాంజీలకూ, ఆసియా, ఆఫ్రికా కోతులకూ అది లేదు. అయితే మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియా మీద ఇలాంటి చక్కెరే ఉంటుంది. దాంతో పసితనం నుంచీ మన ఒంట్లో దానికి విరుగుడు యాంటీబాడీలు తయారవుతూనే ఉంటాయి. మామూలు పంది కిడ్నీని మనిషి రక్తనాళాలకు కలిపితే ఈ యాంటీబాడీలు వెంటనే దాన్ని పట్టుకుంటాయి. నిమిషాల్లో, మహా అయితే గంటల్లో కిడ్నీ నల్లబడి గడ్డకట్టిపోతుంది. ఎంత నేర్పున్న సర్జన్ అయినా అక్కడ చేయగలిగిందేమీ లేదు.

కాబట్టి మార్చాల్సింది పందినే. డాలీ అనే గొర్రెను క్లోనింగ్ చేసిన పనిలో పాలుపంచుకున్న పీపీఎల్ థెరప్యూటిక్స్ సంస్థ 2000 మార్చిలో వర్జీనియాలోని బ్లాక్స్‌బర్గ్‌లో అయిదు క్లోన్ పందిపిల్లలను పుట్టించింది. వాటిలో ఒకదానికి క్రిస్టా అని, మరో రెండింటికి అలెక్సిస్, కారెల్ అని పేర్లు పెట్టారు. తొలి గుండె మార్పిడి చేసిన క్రిస్టియన్ బర్నార్డ్‌నూ, రక్తనాళాలను కుట్టడం నేర్పిన అలెక్సిస్ కారెల్‌నూ తలచుకుంటూ పెట్టిన పేర్లవి. ఆ పందిపిల్లలు దేనికోసం పుట్టాయో వాటి పేర్లే చెబుతున్నాయి. మరో రెండు మూడేళ్లకు ఆల్ఫా-గాల్ లేని పందులు పుట్టాయి. ఆ బృందం నుంచే రివివికార్ అనే సంస్థ వచ్చింది.

పద్ధతి ఇలా ఉంటుంది. పంది చర్మంలోంచో, పిండంలోంచో తీసిన కణాలను పళ్లెంలో పెంచుతారు. క్రిస్పర్ లాంటి సాధనాలతో వాటి జన్యువులను సవరిస్తారు. సవరణ సరిగ్గా కుదిరిన కణాన్ని ఏరుకుంటారు. మరో పంది అండంలోంచి కేంద్రకాన్ని సన్నటి సూదితో లాగేసి, ఆ ఖాళీలో ఈ కణాన్ని ఉంచుతారు. చిన్న విద్యుత్ ప్రవాహంతో రెండూ కలిసిపోతాయి. అలా తయారైన పిండాలను పెద్ద సంఖ్యలో ఒక పంది గర్భంలోకి పంపిస్తే నాలుగైనా నిలుస్తాయో లేదో. నిలిస్తే 114 రోజులకు పిల్లలు. ఆరు నెలలు తిరిగేసరికి కిడ్నీ మనిషికి సరిపోయే సైజుకు వస్తుంది. చింపాంజీలను వదిలి పందిని పట్టుకోవడానికి ఇదే ముఖ్య కారణం. చింపాంజీ పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఆ జాతి అంతరించే స్థితిలో ఉంది, పైగా మనకు దగ్గర చుట్టం కాబట్టి దాని వైరస్‌లు మనకు తేలిగ్గా అంటుకుంటాయి.

రివివికార్ పందిలో ఇప్పుడు పది జన్యు మార్పులు ఉన్నాయి. ఆల్ఫా-గాల్‌తో కలిపి మూడు రకాల చక్కెరలను తీసేశారు. ఆరు మానవ జన్యువులను చేర్చారు. వాటిలో కొన్ని మన రక్తంలోని కాంప్లిమెంట్ అనే దాడి వ్యవస్థను ఆపుతాయి. కొన్ని రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. పంది రక్తనాళాల లోపొరకూ మన రక్తానికీ ఈ గడ్డకట్టే లెక్క కుదరదు, అందుకే అవి కావలసి వచ్చాయి. పదో మార్పు పెరుగుదలకు సంబంధించినది. పంది చాలా వేగంగా పెరిగే జంతువు. దాని గుండె మనిషి ఛాతీలో కూడా పెరుగుతూపోతే పక్కటెముకల మధ్య చోటు చాలదు. అందుకని పెరుగుదల హార్మోనును గ్రహించే జన్యువును పనిచేయకుండా చేశారు.

2022 జనవరి 7న బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో బార్ట్లీ గ్రిఫిత్, ముహమ్మద్ మొహియుద్దీన్ బృందం ఇలాంటి పంది గుండెను డేవిడ్ బెనెట్ అనే 57 ఏళ్ల రోగికి అమర్చింది. ఆయన అప్పటికే యంత్రాల మీద బతుకుతున్నాడు, మనిషి గుండె ఇచ్చే జాబితాలో ఆయనకు చోటు దొరకలేదు. కొత్త గుండె బాగా కొట్టుకుంది. మందులు పనిచేశాయి, తిరస్కరణ జాడ కనిపించలేదు. నలభై తొమ్మిదో రోజున గుండె గోడలు ఉన్నట్టుండి మందమై బిగుసుకుపోయాయి. అరవయ్యో రోజున ఆయన మరణించాడు. శవపరీక్షలో ఆ గుండె నీరు పట్టి, దాదాపు రెట్టింపు బరువుతో ఉంది.

ఏం జరిగింది? కారణాలు ఒకటి కన్నా ఎక్కువే ఉండొచ్చని ఆ వైద్యులే తర్వాత రాశారు. రోగి బాగా బలహీనపడి ఉన్నాడు. మధ్యలో ఎక్కించిన యాంటీబాడీల మందులో పంది కణాలకు వ్యతిరేకమైనవీ ఉన్నాయి. కానీ అనుమానితుల్లో ముందు వరసలో నిలిచింది ఒక పంది వైరస్, పోర్సైన్ సైటోమెగలోవైరస్. పంది మందల్లో ఇది మామూలే. తల్లి ముక్కు స్రావాల ద్వారా పిల్లలకు అంటుకుని, తర్వాత ఒంట్లో ఎక్కడో నిద్రపోతూ ఉంటుంది. దాత పంది ముక్కులోంచి తీసిన నమూనాలను పరీక్షించారు. వైరస్ కనిపించలేదు. అది లోపల ఉండిపోయింది. మనిషి ఒంట్లో నిరోధక శక్తిని మందులతో అణచి ఉంచడంతో గుండెలో మేల్కొంది.

హెచ్చరిక ముందే ఉంది. జర్మనీలో మ్యూనిక్ బృందం పంది గుండెలను బబూన్‌లకు అమర్చిన ప్రయోగాల్లో, ఈ వైరస్ లేని గుండెలు కొన్ని 195 రోజులదాకా పనిచేశాయి. వైరస్ ఉన్నవి కొద్ది వారాలకే చెడ్డాయి. ఆ ఫలితం 2020లోనే అచ్చయింది. పిల్లలను తల్లి నుంచి త్వరగా విడదీస్తే ఈ వైరస్ అంటదని కూడా తెలుసు. యాంటీబాడీల కోసం రక్తపరీక్ష చేసి ఉంటే నిద్రలో ఉన్న వైరస్ అయినా బయటపడేది. ఒక మనిషి గుండె ఆగడానికి పందిపిల్లను తల్లి దగ్గర ఎన్నాళ్లు ఉంచారన్నది కారణం కావచ్చు. ఈ రంగం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం ఇదే. ఆ తర్వాతే పరీక్షలు కఠినమయ్యాయి. మొదట వర్ణించిన కట్టుదిట్టం ఎందుకు అవసరమో అందరికీ అర్థమైంది.

కడిగినా, వడగట్టినా, తల్లిని దూరంపెట్టినా పోని వైరస్‌లు కూడా ఉన్నాయి. పంది డీఎన్‌ఏలోనే కలిసిపోయి తరతరాలుగా వస్తున్నవి అవి. హార్వర్డ్‌లో జార్జ్ చర్చ్ బృందం 2015లో ప్రయోగశాలలో పెంచిన పంది కణాల్లో అలాంటి వైరస్‌ల 62 ప్రతులను క్రిస్పర్‌తో ఒకేసారి పనిచేయకుండా చేసింది. రెండేళ్లకు అలాంటి మార్పులతో పందిపిల్లలు పుట్టాయి. ఆ పరిశోధన నుంచి వచ్చిన ఈజెనిసిస్ సంస్థ పందిలో 69 మార్పులున్నాయి. అందులో 59 ఈ వైరస్ ప్రతులకు సంబంధించినవే. ఆ వైరస్‌లు మనిషికి అంటిన దాఖలా ఇంతవరకూ లేదు. అలాంటప్పుడు అన్ని మార్పులు అవసరమా అనే వాదం శాస్త్రజ్ఞుల్లో ఉంది. నా మట్టుకు నాకు జాగ్రత్తే మంచిదనిపిస్తుంది. ఇక్కడ ప్రమాదం రోగి ఒక్కడితో ఆగేది కాదు.

ఈజెనిసిస్ పంది కిడ్నీతో ఒక కోతి 758 రోజులు బతికిందని 2023లో ప్రకటించారు. 2024 మార్చి 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో తత్సువో కవాయ్ బృందం అలాంటి కిడ్నీని 62 ఏళ్ల రిక్ స్లేమన్‌కు అమర్చింది. అంతకుముందు పెట్టిన మనిషి కిడ్నీ చెడిపోయి, డయాలసిస్‌కు రక్తనాళాలు సహకరించని స్థితి ఆయనది. నాలుగు గంటల ఆపరేషన్. రక్తనాళాల మీది క్లాంపులు తీయగానే కిడ్నీ గులాబి రంగుకు తిరిగి, మూత్రం రావడం మొదలైంది. థియేటర్‌లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. రెండు నెలల లోపే ఆయన చనిపోయినా, కిడ్నీ తిరస్కరణకు గురైన ఆనవాళ్లు లేవు, గుండె జబ్బే కారణమని తేలింది.

2024 నవంబరులో న్యూయార్క్‌లో రాబర్ట్ మాంట్‌గోమరీ బృందం చేసిన ఆపరేషన్ మరికొంత నేర్పింది. అలబామాకు చెందిన టొవానా లూనీ 1999లో తన కిడ్నీ ఒకటి తల్లికి ఇచ్చిన మనిషి. తర్వాత మిగిలిన కిడ్నీ పాడైంది. ఆమె రక్తంలోని యాంటీబాడీల వల్ల మనిషి కిడ్నీ ఏదీ సరిపోలేదు. పంది కిడ్నీ ఆమెలో 130 రోజులు పనిచేసింది. అన్నాళ్లూ డయాలసిస్ అక్కర్లేకపోయింది. ఒక ఇన్ఫెక్షన్ రావడంతో దాన్ని తగ్గించడానికి నిరోధక శక్తిని అణిచే మందుల మోతాదు తగ్గించారు. వెంటనే తిరస్కరణ మొదలైంది. కిడ్నీ తీసేసి ఆమెను మళ్లీ డయాలసిస్‌కు పంపారు. మందు ఎక్కువైతే ఇన్ఫెక్షన్, తక్కువైతే తిరస్కరణ. మనిషి కిడ్నీ పెట్టించుకున్నవాళ్లకూ ఈ ఇబ్బంది ఉంది గానీ, పంది కిడ్నీ విషయంలో మధ్యదారి ఇంకా ఇరుకు. 2025 జనవరిలో బోస్టన్‌లోనే మరో రోగికి పెట్టిన కిడ్నీ 271 రోజులు నడిచింది.

గుండె ఆగితే రోగి ఆ నిమిషానే పోతాడు. కిడ్నీ చెడితే డయాలసిస్ ఉంది. అందుకే ఇప్పుడు పరిశోధకుల చూపు కిడ్నీ మీద పడింది. చైనాలో పంది కాలేయాన్నీ, ఊపిరితిత్తినీ కూడా అమర్చి చూశారు. ఊపిరితిత్తిని మెదడు పనిచేయడం ఆగి జీవన్మృతుడైన మనిషిలో తొమ్మిది రోజులు పరిశీలించారు. అది అన్నిటికన్నా కష్టమైన అవయవం, దారి చాలా ఉంది.

అమెరికాలో లక్ష మందికి పైగా అవయవాల కోసం ఎదురుచూస్తున్నారు, ఎక్కువమంది కిడ్నీ కోసమే. మనకు ఆ మాట కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు వెళితే డయాలసిస్‌కు తిరిగే మనిషి లేని వీధి అరుదు. పనిచేసే వయసు రైతులను, కూలీలను మింగుతున్న ఆ జబ్బుకు అసలు కారణమేమిటో ఏళ్ల పరిశోధన తర్వాత కూడా తేలలేదు. వాళ్లకు రేపటికి పంది కిడ్నీ అందుతుందని చెప్పడం అబద్ధం. ఇవాళ వాళ్లకు కావలసింది దగ్గర్లో డయాలసిస్ కేంద్రం, మంచినీళ్లు, అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో నమోదై కిడ్నీలు ఇచ్చే కుటుంబాలు. ఒక జీవన్మృతుడి నుంచి ఇద్దరికి కిడ్నీలు అందుతాయి, దానికి ఏ జన్యు సవరణా అక్కర్లేదు.

పందుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఏటా కోట్ల కొద్దీ పందులను మాంసం కోసం చంపుతున్న లోకంలో, ప్రాణం నిలపడానికి ఒక పందిని వాడటం తప్పెలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. ఆ వాదంలో బలముంది. అయినా బురదలో పొర్లే అలవాటున్న, ముట్టెతో నేల తవ్వుకునే, గుంపుగా బతికే తెలివైన జంతువును తల్లి స్పర్శ లేకుండా శుభ్రమైన గదుల్లో పెంచడం చిన్న విషయం కాదు. ఆ బతుకును కొంతైనా భరించదగ్గదిగా చేయడం కూడా ఈ శాస్త్రం తలకెత్తుకోవలసిన పనేనని నేను నమ్ముతాను.

2022 నుంచి అమెరికాలో జరిగినవిగా పైన చెప్పినవన్నీ వేరే దారిలేని రోగులకు ప్రత్యేక అనుమతితో చేసిన ఆపరేషన్లు. 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పద్ధతి ప్రకారం జరిగే ట్రయల్స్‌కు అనుమతి ఇచ్చింది. రివివికార్ మాతృసంస్థ యునైటెడ్ థెరప్యూటిక్స్ ట్రయల్‌లో మొదట ఆరుగురికి, ఫలితం బాగుంటే మొత్తం 50 మందిదాకా పంది కిడ్నీలు అమరుస్తారు. ఆరు నెలల తర్వాత రోగి బతికి ఉన్నాడా, కిడ్నీ ఎంత పనిచేస్తోంది అన్నవి మొదటి లెక్కలు. ఆ తర్వాత కూడా వాళ్లను జీవితాంతం పరిశీలిస్తారు. రక్త నమూనాలనూ, దాత పంది కణజాలాన్నీ భద్రపరుస్తారు. ఎప్పుడో కొత్త వైరస్ ఏదైనా బయటపడితే, అది పంది నుంచి వచ్చిందో కాదో ఆ నమూనాలను తీసి సరిపోల్చుకోవచ్చు.