గుడ్డు పెంకు మీద తెలుగు అక్షరం

మన కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో గుడ్డుకు కొదవ లేదు. నామక్కల్ నుంచి లారీల్లో వచ్చి దిగుతూనే ఉంటుంది. విరుదునగర్ బిడ్డ కామరాజ్ గారు 1956లో ఎట్టయపురంలో ప్రారంభించిన బడి భోజనంలో, 1989 నుంచి పిల్లలకు గుడ్డు కూడా వడ్డిస్తున్నారు. ఇక మన పరోటా అంగళ్ళలో మాస్టర్లు ఒంటిచేత్తో గుడ్డు కొట్టే వేగం చూడవలసిందే! లోపలిది మన కడుపులోకి, పెంకు చెత్తకుండీలోకి. మహా అయితే గులాబీ మొక్క మొదట్లోకి. అలా పారేసే పెంకు మీదే పువ్వులూ లతలూ అక్షరాలూ చెక్కే కళ ఒకటి ఉంది. ఆ కళను గురించీ, దాన్నే నమ్ముకోవాలని చూస్తున్న మన ఇంటి ఆడపిల్లను గురించీ నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ఇదేదో కొత్త వింత అనుకోకండి. దక్షిణాఫ్రికాలోని డీప్‌క్లూఫ్ గుహలో సుమారు 60,000 ఏళ్ళ నాటి నిప్పుకోడి (అదే, ఆస్ట్రిచ్) గుడ్డు పెంకులు దొరికాయి. వాటి మీద వరసగా గీతలు చెక్కి ఉన్నాయి. 2010లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన లెక్క ప్రకారం అలాంటి ముక్కలు 270. నీళ్ళు దాచుకునే బుర్రలుగా వాటిని వాడుకునేవారట. అంత దూరం ఎందుకు? మహారాష్ట్రలోని పాట్నేలో కూడా గీతలు చెక్కిన నిప్పుకోడి పెంకు దొరికింది. దాని వయసు సుమారు 25,000 ఏళ్ళు. మన దేశంలో నిప్పుకోడి ఎక్కడిది అని అడిగేవారికి హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2017లో జవాబు చెప్పారు. పాత పెంకుల్లోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి, ఆ పక్షి ఒకప్పుడు ఇక్కడ తిరిగినదేనని తేల్చారు. 2024లో ప్రకాశం జిల్లాలో సుమారు 41,000 ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడే బయటపడిందని వార్త వచ్చింది.

ఒక్కో దేశం ఈ కళను ఒక్కో తీరుగా పెంచుకుంది. ఉక్రెయిన్ ఆడవాళ్ళు గుడ్డు మీద మైనంతో ముగ్గు వ్రాసి రంగులో ముంచుతారు. దాని పేరు ‘పిసాంకా’. వ్రాయడం అనే మాటలోంచే ఆ పేరు పుట్టింది. 2024లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. రంగు వేసిన పెంకును సూదిమొనతో గీకి బొమ్మ తేల్చే పద్ధతి కూడా వాళ్ళకు ఉంది. ఆస్ట్రేలియాలో ఈమూ గుడ్డును చెక్కుతారు. దాని పెంకు పైన ముదురాకుపచ్చ, కింద నీలం కలిసిన పచ్చ, అడుగున తెలుపు. ఎంత లోతు గీకితే ఆ రంగు పలుకుతుంది. మనవాళ్ళకు ఈమూ అంటే 2012లో పెరుందురై వైపు కూలిన డిపాజిట్ల గొడవే గుర్తొస్తుంది, అది వేరే కథ! స్లొవేనియాకు చెందిన ఫ్రాంక్ గ్రోమ్ అనే కళాకారుడు ఒక్కో కోడిగుడ్డుకు వేల రంధ్రాలు తొలిచి లేసు గుడ్డలా మార్చాడు.

కోడిగుడ్డు పెంకు మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నూటికి 95 పాళ్ళు కాల్షియం కార్బొనేటు, అంటే మన సున్నపురాయి సరుకే. అయినా నిలుస్తుందంటే గొప్పతనం ఆకారానిది. గోపురంలాగా, ఒకచోట పడిన బరువును చుట్టూ పంచేస్తుంది. పని చేసేవాళ్ళు ముందుగా గుడ్డును కడిగి, రెండు కొసలా సన్నని రంధ్రం చేసి, లోపలి సొన తీసేస్తారు. పచ్చి గుడ్డులో రోగక్రిములు ఉండవచ్చు కాబట్టి నోటితో ఊదకూడదు, సిరంజితో గాలి పంపాలి. లోపల బాగా కడిగి ఆరబెట్టి, పెన్సిలుతో బొమ్మ గీసుకుని, పళ్ళ డాక్టరు వాడేలాంటి డ్రిల్లుతో తొలుస్తారు. ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చివర బ్లీచింగు నీళ్ళతో లోపలి పొర తీసేసి, వార్నిష్ పూస్తారు.

విరుదునగర్‌లో నాకు తమ్ముడి వరుస అయ్యే ఒకాయన కూతురు బి.కాం. ముగించి రెండేళ్ళుగా ఈ పని చేస్తోంది. నేను కోవిల్పట్టి నుంచి వెళ్ళినప్పుడల్లా కొత్తగా చెక్కినవి చూపిస్తుంది. మొదట పువ్వులు, నెమళ్ళు చెక్కేది. తరవాత పెళ్ళి కానుకలకు పేర్లు అడిగేవాళ్ళు వచ్చారు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల మూలల దగ్గర పెంకు చీలుతోంది. పదునైన మూల ఉంటే చీలిక అక్కడే మొదలవుతుంది. గుండ్రంగా తిరిగే మన తెలుగు అక్షరాలైతే నిలుస్తున్నాయి! ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో నేర్చుకోని పిల్ల, గుడ్డు కోసం తాతగారి దగ్గర ఓనమాలు దిద్దింది. “సున్నా చెక్కితే నడాన ఉండే ముక్క రాలిపోతా ఉండాది పెదనాన్నా” అంటూ, సన్నని వంతెన ఒకటి వదిలి ఆ ముక్కను నిలబెట్టే ఉపాయం తానే కనిపెట్టింది.

వాళ్ళ నాన్నది వేరే బాధ. “అన్నా, గుడ్డు పెంకుతో ఎవురికి కడుపు నిండతాది? బ్యాంకు పరీక్షకు చదవమని నువ్వన్నా చెప్పు” అన్నాడు. వచ్చే ఉగాది దాకా గడువు పెట్టాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకని నేను ఉపదేశం మాని, కాగితం తీసి లెక్క వేశాను.

ఆ నెల 20 గుడ్లు మొదలుపెడితే 11 నిలిచాయి. నిలిచినదానికి 12 గంటల చొప్పున 132 గంటలు, పగిలిన తొమ్మిదింటి మీద సగటున 5 గంటల చొప్పున 45. మొత్తం 177. కామర్సు చదివినవారికి ‘సాధారణ నష్టం’ గుర్తుండే ఉంటుంది. అనివార్యంగా పోయిన సరుకు ఖర్చును నిలిచిన సరుకే మోయాలి. అంటే ఒక్కో గుడ్డుకు 16 గంటలు. గుడ్లు, డ్రిల్లు మొనలు, వార్నిష్, పెట్టె కలిపి 60 రూపాయలు. పిల్ల అమ్ముతున్నది 400కు. గంటకు 21 రూపాయలు గిట్టుతోంది! గంటకు 50 అనుకున్నా ధర 860 ఉండాలి. పగిలినవాటిని తన చేతగానితనం అనుకుని, ఆ గంటలను లెక్కలోకే తీసుకోలేదు పాపం.

అప్పు దొరకదా అంటారేమో. 2023లో వచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో గుడ్డు చెక్కడం లేదు. 2015 నుంచి ఉన్న ముద్ర పథకంలో, శిశు విభాగం కింద హామీ లేకుండా 50,000 దాకా అడగవచ్చు. కానీ ఆర్డర్లు నిలకడగా వచ్చేదాకా అప్పు జోలికి పోవద్దన్నాను. అప్పుతో మంచి డ్రిల్లు కొనవచ్చు గానీ, కొనేవాళ్ళు దొరకరు కదా.

కొనేవాళ్ళు ఉంటే కళ ఎలా నిలుస్తుందో కోవిల్పట్టికి తెలుసు. నాటకాల కంపెనీకి తెరలు వ్రాస్తూ వచ్చిన చిత్రకారుడు సి. కొండయ్య రాజు (1898–1976) 1940లలో ఇక్కడే స్థిరపడ్డారు. ఆయనా, ఆయన శిష్యులూ వ్రాసిన దేవతల బొమ్మలను శివకాశి అచ్చుయంత్రాలు క్యాలెండర్లుగా ఊరూరికీ చేర్చాయి. వాళ్ళ ప్రతిభ వాళ్ళదే. కానీ ప్రతి ఏడూ క్యాలెండరు కొనే అంగడివాళ్ళు ఉండబట్టి ఒక గురువు చుట్టూ ఇంతమంది శిష్యులు బతికారు.

గుడ్డు పెంకుకు అలాంటి శివకాశి లేదు. మన సంఘం కుటుంబాలు తలచుకుంటే చిన్న ఎత్తున మనమే ఆ పని చేయవచ్చు. పెళ్ళికీ గృహప్రవేశానికీ స్టీలు గిన్నెల బదులు ఒక పెంకు, దాని మీద తెలుగులో పేరు. గుడ్డు ముట్టని ఇళ్ళవాళ్ళు ముందే చెబితే సరి, వారికి ఇవ్వనక్కరలేదు. కొలువు మెట్ల మీద కాకుండా హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకోవచ్చు. ఆర్డరు ఇచ్చేవారు నెల రోజుల గడువివ్వండి, పేరు తెలుగులో తప్పులేకుండా వ్రాసి పంపండి, బేరం మాత్రం ఆడకండి. గుడ్డు ధర ఏడు రూపాయలేనని నాకూ తెలుసు. మీరు ధర కట్టవలసింది పదహారు గంటలకు. ఉగాదికి ఇంకా వ్యవధి ఉంది.