పట్టిన బోల్టల్లా సరైన బోల్టేనా?

పిల్లలూ! దసరా నాటి రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు వైపుల నుంచి జనం ట్రాక్టర్ల మీద, మోటారు సైకిళ్ల మీద తరలివస్తారు. అలాంటి దారిలో ఒక పాత బుల్లెట్టు డుగ్ డుగ్‌మంటూ పోతే దాని చప్పుడుకే అందరూ తల తిప్పి చూస్తారు. ఆ చప్పుడు ఏమిటో తెలుసా? ఇంజను లోపల పెట్రోలు ఆవిరి, గాలి కలిసి భగ్గున మండటం. నాలుగు ఘాతాల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే సెకనుకు 25 సార్లు అలా మండుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. పాత 350 బుల్లెట్టు సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు. అంటే వైశాల్యం సుమారు 38.5 చదరపు సెంటీమీటర్లు. మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు 30 కిలోగ్రాముల బరువంత పీడనం ఉందనుకోండి. మొత్తం సుమారు 1155 కిలోగ్రాముల బరువంత బలం! ఆదోని మార్కెట్ యార్డు లెక్కలో చెప్పాలంటే పదకొండున్నర క్వింటాళ్ల పత్తి. అంత బలం సిలిండరు మూతను పైకి తన్నుతూ ఉంటే దాన్ని ఎగిరిపోకుండా పట్టుకునేవి కొన్ని ఉక్కు బోల్టులు మాత్రమే.

ఇప్పుడు మీ ఊళ్లో కొట్టం మూలన పడివున్న పాత బుల్లెట్టును ఎవరో బాగుచేయిస్తున్నారనుకుందాం. ఇంజను విప్పారు. రెండు బోల్టులు తుప్పు పట్టాయి, ఒకటి కనబడలేదు. “దానిదేముంది, డబ్బాలో వెతికితే పట్టేది ఒకటి దొరుకుతుంది” అంటారు చాలామంది. చిక్కంతా అక్కడే ఉంది. పట్టిన బోల్టల్లా సరైన బోల్టు కాదు.

మరలకూ భాషలున్నాయి

ఒకప్పుడు ఇంగ్లండులో ఏ కార్ఖానా బోల్టు ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన నట్టు ఇంకొకచోట చేసిన బోల్టుకు ఎక్కేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు, దేశమంతటా ఒకే కొలత ఉండాలని ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మర గాడి కోణం 55 డిగ్రీలు. పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 20 చుట్లు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో మరో పద్ధతి తెచ్చాడు. తర్వాత బ్రిటన్‌లో సైకిళ్లకూ మోటారు సైకిళ్లకూ వేరే సన్నమర వచ్చింది. దాన్ని సైకిలు మర అంటారు. దీని కోణం 60 డిగ్రీలు. పావు అంగుళం, 5/16 అంగుళం, 3/8 అంగుళం బోల్టులన్నిటికీ అంగుళానికి 26 చుట్లే.

బుల్లెట్టు ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన బండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి దాన్ని ఇక్కడ తయారుచేయసాగింది. బండితోపాటు బ్రిటిష్ మరలూ వచ్చాయి. మన దేశంలో మెట్రిక్ తూనికలు, కొలతలు 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా అమలులోకి వచ్చాయి. కాని ఒక ఇంజను మరలు మార్చాలంటే అచ్చులు, పనిముట్లు అన్నీ మార్చుకోవాలి. అందువల్ల పాత బుల్లెట్లలో అంగుళాల మరలు చాలాకాలం నిలిచాయి. మైసూరులో తయారైన జావా, ఎజ్డీ బండ్లకు మూలం చెకొస్లొవేకియా. రాజ్‌దూత్‌కు మూలం పోలండు. ఆ రెండు దేశాలవీ మెట్రిక్ మరలు. మూడు బండ్లూ ఒకే షెడ్డులో పక్కపక్కన నిలబడినా వాటి బోల్టులు ఒకే భాష మాట్లాడవన్నమాట.

కవలల్లా కనిపించి మోసం చేసేవి

5/16 అంగుళమంటే 7.94 మిల్లీమీటర్లు. మెట్రిక్ 8 మిల్లీమీటర్ల బోల్టుకూ దీనికీ తేడా 0.06 మిల్లీమీటరే. కంటికి కనబడదు. ఇక చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం చూడండి. దీన్ని పిచ్ అంటారు. మీ బడిలో స్క్రూగేజి పాఠంలో ఈ మాట వినే ఉంటారు. సైకిలు మరలో అంగుళానికి 26 చుట్లు కాబట్టి పిచ్ 25.4 ÷ 26, అంటే 0.977 మిల్లీమీటరు. 8 మిల్లీమీటర్ల బోల్టుల్లో సన్నమర రకానికి పిచ్ సరిగ్గా 1 మిల్లీమీటరు. కోణం రెంటికీ 60 డిగ్రీలే!

అందుకే ఆ మెట్రిక్ నట్టు ఈ బ్రిటిష్ బోల్టు మీద మొదట సులువుగా ఎక్కుతుంది. కొన్ని చుట్లు పోయాక బిగుసుకోవడం మొదలవుతుంది. “భలే గట్టిగా పట్టింది” అని మనం సంతోషిస్తాం. కాని చుట్టు చుట్టుకూ 0.023 మిల్లీమీటరు తేడా పేరుకుపోతుండటం వల్ల, నట్టులోని చుట్లన్నీ కలిసి మోయవలసిన బరువు ఒకటి రెండు చుట్ల మీదే పడుతుంది. అవి అరిగితే పక్కవాటిమీద, అవి తెగితే ఆ తర్వాతవాటిమీద.

ఇంకొక జంట పావు అంగుళానిది. బ్రిటిష్ సన్నమరకూ సైకిలు మరకూ అంగుళానికి 26 చుట్లే. కాని ఒకదాని కోణం 55, రెండోదానిది 60. గాడి గోడలు పూర్తిగా ఆనవు, అంచులే ఆనుతాయి. అల్యూమినియం క్రాంక్ కేసులోని రంధ్రంలోకి ఇలాంటి బోల్టును పానాతో బలవంతంగా తిప్పితే పాడయ్యేది బోల్టు కాదు, మెత్తనైన క్రాంక్ కేసు. బోల్టుకు కొన్ని రూపాయలు. క్రాంక్ కేసుకో?

బోల్టు ఒక స్ప్రింగు

మర సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. బోల్టును బిగిస్తే ఏమవుతుంది? అది సాగుతుంది! 100 మిల్లీమీటర్ల ఉక్కు బోల్టును చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల ప్రతిబలం కలిగేలా బిగిస్తే 0.1 మిల్లీమీటరు సాగుతుంది. సాగిన స్ప్రింగు వెనక్కు లాగినట్లే ఆ బోల్టు రెండు భాగాలనూ దగ్గరకు లాగి నొక్కిపెడుతుంది. బిగింపు అంటే ఇదే.

ఇంజను వేడెక్కితే? ఉక్కుకన్నా అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 100 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే 100 మిల్లీమీటర్ల అల్యూమినియం 0.23 మిల్లీమీటరు పెరుగుతుంది, ఉక్కు 0.12 మాత్రమే. మిగిలిన తేడాలో చాలా భాగం బోల్టు ఇంకా సాగి సర్దుకోవాలి. మంచి బోల్టు సాగి, ఇంజను చల్లారాక మళ్లీ మొదటి పొడవుకు వస్తుంది. మెత్తటి ఇనుముతో చేసిన బోల్టు తన స్థితిస్థాపక అవధి దాటి సాగి, అలాగే ఉండిపోతుంది. చల్లారగానే బిగింపు పోతుంది. మరునాడు హెడ్డు కింద నూనె చెమ్మగిల్లుతుంది, అదురుకు నట్టు వదులవుతుంది.

మెట్రిక్ బోల్టు తలమీద 4.6, 8.8 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకెను 100తో గుణిస్తే, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల దగ్గర అది తెగుతుందో సుమారుగా తెలుస్తుంది. రెండోది పదింట ఎన్నో వంతు దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందో చెబుతుంది. 4.6 బోల్టు 240 దగ్గరే లొంగుతుంది. 8.8 బోల్టు 640 వరకు నిలుస్తుంది. తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టుల్లో సాధారణ రకం 450 దగ్గర లొంగుతుంది. మెరుపు బలానికి గుర్తు కాదు.

మరి సరైనది ఎలా దొరుకుతుంది?

మొదట ఆ బండి ఏ సంవత్సరానిదో తెలుసుకుని, విడిభాగాల పట్టికలో ఆ బోల్టు నంబరు చూడాలి. పాత బోల్టు, అది తుప్పుపట్టినదైనా సరే, పారేయకూడదు. దానికన్నా మంచి సాక్షి లేదు. చెన్నైలోని పుదుపేట వంటి పాత విడిభాగాల బజార్లకు దాన్ని చేతిలో పట్టుకుని వెళ్లాలి. పాత బోల్టు కొనేటప్పుడు దాని మరల పక్కన మంచి బోల్టు మరలను ఆనించి వెలుతురుకు ఎత్తి చూడాలి. రెండూ సందు లేకుండా కూడితే సరే. మధ్యలో సందు కనిపిస్తే మర వేరే, లేదా ఆ బోల్టు అప్పటికే సాగిపోయింది.

ఎక్కడా దొరక్కపోతే లేతు మీద చేయించవచ్చు. అప్పుడు టర్నరుకు వ్యాసం, చుట్లు, కోణం, పొడవుతోపాటు ఉక్కు రకం కూడా చెప్పాలి. పొడవు ఎక్కువైతే బోల్టు రంధ్రం అడుగున తగిలి, బిగిసినట్లు కనిపించి బిగియదు. తక్కువైతే రెండు మూడు చుట్లే పట్టి అల్యూమినియం మరను పీక్కొస్తుంది.

మీరే చేసి చూడండి

సైకిలు షాపులో, మోటారు సైకిలు షెడ్డులో అడిగి పనికిరాని బోల్టులు నాలుగు తెచ్చుకోండి. ఒక్కొక్కదాన్నీ తడి సబ్బు బిళ్ల మీద పక్కకు పెట్టి అదమండి. సబ్బు మీద గాడులు పడతాయి. ఒక గాడి నుంచి మొదలుపెట్టి 20 అంతరాలు లెక్కించి, ఆ దూరాన్ని స్కేలుతో కొలిచి, 20తో భాగించండి. 19.5 మిల్లీమీటర్లు వస్తే అంగుళానికి 26 చుట్లు. సరిగ్గా 20 వస్తే మెట్రిక్ సన్నమర. మర అంత పొడవు లేకపోతే 10 అంతరాలను వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి.

ఒక్క అంతరాన్నే కొలవమనకుండా ఇరవై ఎందుకు కొలవమన్నామో ఆలోచించండి. 0.023 మిల్లీమీటరు తేడాను మీ కన్ను పట్టలేదు. దాన్నే ఇరవై సార్లు పేర్చితే దాదాపు అర మిల్లీమీటరవుతుంది. దాన్ని మీ స్కేలే పట్టిస్తుంది!