రిపోర్ట్ రావడం ఆలస్యమైతే

వానలు పడ్డాయంటే హైదరాబాద్ కాప్రాలో ల్యాబుల ముందు సాయంత్రం పూట నిలబడే చోటుండదు. ఈసీఐఎల్ చౌరస్తా, ఏ.ఎస్. రావు నగర్, కుషాయిగూడ, ఎటు చూసినా ఒళ్ళు కాలిపోతున్న పిల్లల్ని భుజాన వేసుకున్న అమ్మానాన్నలే. జ్వరం మూడో రోజుకు దిగకపోతే డాక్టర్ డెంగీ పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క రాస్తారు. టైఫాయిడేమో అని అనుమానం వస్తే బ్లడ్ కల్చర్ కూడా. మొదటి రెండూ చాలాసార్లు ఆ రాత్రికే ఫోన్‌లోకి వచ్చేస్తాయి. కల్చర్ మాత్రం రాదు, మర్నాడూ రాదు. “ఇంతసేపు పట్టిందంటే ఏదో ఉండే ఉంటది” అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు.

బ్లడ్ కల్చర్ దగ్గర ఈ మాట సరిగ్గా తలకిందులు. బిడ్డ రక్తాన్ని పోషక ద్రవమున్న సీసాలో వేసి, ఒంటి వేడికి దగ్గరగా, 35–37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. తోడు వేసిన పాలు పేరుకోవడానికి రాత్రంతా పట్టినట్టే, ఆ సీసాలో బ్యాక్టీరియా ఉంటే పెరగడానికీ సమయం కావాలి. పెరుగుతూ అవి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రం కనిపెట్టి గంట కొడుతుంది. నిజంగా క్రిములుంటే ఆ గంట ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే మోగుతుంది. మోగకపోతే సీసాను 5 రోజుల దాకా ఉంచి, అప్పుడు ఏమీ పెరగలేదని రాస్తారు. అంటే చెడు కబురు ముందొస్తుంది, మంచి కబురు నింపాదిగా వస్తుంది. ల్యాబ్ నుంచి ఫోన్ రాని ప్రతి పూటా కాస్త మన పక్షానే ఉంది.

ఒక తిరకాసు ఉంది. టైఫాయిడ్ ఉన్నా బ్లడ్ కల్చర్‌లో దాదాపు 40 శాతం మందికి ఆ క్రిమి దొరకకుండా పోవచ్చు. మందుల షాపులో అడిగి రెండు పూటలు యాంటీబయాటిక్ వేశాక రక్తమిస్తే దొరికే అవకాశం ఇంకా తగ్గుతుంది. ఆ మాట డాక్టర్‌కు చెప్పకుండా దాచేవాళ్ళు ఎక్కువ. చెప్పాలి.

ఇదంతా తెలిసినా గుండె దడ ఆగదు. ఎందుకో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగంలో చూపించారు. 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. రాయి కింద పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్ తగులుతుంది. షాక్ ఖాయమని తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సగం సగం అవకాశం ఉన్నప్పుడే వాళ్ళకు చెమటలు ఎక్కువ పట్టాయి. రిపోర్ట్ కోసం చూసే తల్లి ఉన్నదీ ఆ సగం సగం దగ్గరే.

అమెరికాలో కేట్ స్వీనీ అనే మనస్తత్వవేత్త, బార్ పరీక్ష రాసి ఫలితం కోసం నాలుగు నెలలు చూసే లా పట్టభద్రుల్ని గమనించారు. ఆందోళన మొదట్లో ఒకసారి, ఫలితం దగ్గరపడ్డాక మరోసారి ఎగసింది. దాన్ని తగ్గించుకోవడానికి వాళ్ళు పడిన పాట్లు పెద్దగా పనిచేయలేదు. అందుకే “ఏం కాదులే, టెన్షన్ పడకు” అని పక్కింటావిడ వంద సార్లు అన్నా లాభం లేదు. పరీక్ష వేరు, కన్నబిడ్డ వేరు, నిజమే. కానీ భయపడితే మనసు బలహీనమని కాదనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

ప్లేట్‌లెట్ల సంగతి మరో రకం. 1967లో మొదలైన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ చుట్టూ పెరిగిన కాలనీలివి. ఏ యంత్రం చూపే అంకెలోనైనా తేడా ఉంటుందని బతుకంతా చెప్పిన ఇంజనీరు తాతయ్యలు ఇక్కడ వీధికొకరుంటారు. మనవడి రిపోర్ట్‌లో ‘60 వేలు’ చూడగానే ఆ చదువంతా మరిచిపోతారు. పిల్లల నరాలు సన్నం, రక్తం మెల్లగా వస్తుంది. ఊదా మూత ట్యూబులోని మందుతో సరిగా కలవకముందే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. యంత్రం ఆ ముద్దను విడివిడిగా లెక్కపెట్టలేదు, అంకె పడిపోతుంది. గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. “శాంపిల్ గడ్డకట్టింది, మళ్ళీ ఇవ్వాలమ్మా” అని ల్యాబ్ అబ్బాయి ఫోన్ చేస్తే అది రోగం గురించి చెప్పే మాట కాదు.

డెంగీలో కాగితం కోసం ఆగకూడని ఘడియ ఒకటుంది. జ్వరం దిగుముఖం పట్టినప్పుడు, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఒళ్ళు చల్లబడిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే వేళ అది. అప్పుడు కడుపునొప్పి తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం వచ్చినా, బిడ్డ మగతగా పడుకుని పిలిస్తే సరిగా పలకకపోయినా, రిపోర్ట్ రాలేదని కూర్చోకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. రిపోర్ట్ దాని దారిన అది ఫోన్‌కు వస్తుంది.